పాత షాంగ్-చీ సంచికల మీద రాసిన అమ్మాయికి

అమ్మా,

నాన్నగారు దాచిన పాత షాంగ్-చీ కామిక్స్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదువుతూ నాలుగో పేజీలో ఆగిపోయాను. 'ఆ కాలం అలాంటిది' అని రాశావక్కడ. చైనా పాత్రల ఒంటికి పూసిన ఆ పచ్చటి పసుపు గురించి మాట్లాడాల్సిన చోట ఆ ఒక్క ముక్క పడేసి తప్పుకున్నావు. మరుక్షణం మళ్లీ నాన్నగారి ట్రంకుపెట్టె, కలరా ఉండల వాసన, వేసవి సెలవులు. నాకు కోపం వచ్చింది. అందుకే ఇంత త్వరగా జవాబు రాస్తున్నాను.

ఏ కాలం తల్లీ? అమెరికా కామిక్స్ కంపెనీ మార్వెల్ వాళ్ల కుంగ్ ఫూ వీరుడు షాంగ్-చీ మొదటిసారి కనపడింది 1973 డిసెంబర్ సంచికలో. స్టీవ్ ఎంగిల్‌హార్ట్ రాశాడు, జిమ్ స్టార్లిన్ బొమ్మలు వేశాడు. బ్రూస్ లీ అప్పటికి కొన్ని నెలల కిందటే పోయాడు, అమెరికా అంతా కుంగ్ ఫూ వెర్రి. మార్వెల్ వాళ్లు అంతటితో ఆగకుండా, సాక్స్ రోమర్ అనే ఇంగ్లీషు రచయిత నవలల్లోని చైనా విలన్ ఫూ మంచును హక్కులు తీసుకుని మరీ తెచ్చి కుర్రవాడికి తండ్రిని చేశారు. ఆ ఫూ మంచు మొదటి నవల 1913 నాటిది. అంటే అరవై ఏళ్ల కిందటి భయాన్ని ఏరికోరి తెచ్చుకున్నారన్నమాట. దాన్ని కాలం నెత్తిన రుద్దితే ఎలా?

పైగా ఆ కాలంలోనే అడిగినవాళ్లున్నారు. విలియం వూ అనే చైనీస్ అమెరికన్ పాఠకుడు ఆ పత్రికకే ఉత్తరాలు రాశాడు, మా ఒళ్లు ఈ రంగులో ఉంటుందా అని. తర్వాత ఆయన అమెరికన్ కథాసాహిత్యంలో చైనావాళ్లను చూపిన తీరు మీద 1982లో పుస్తకమే వేశాడు. పాఠకుల ఉత్తరాల పేజీలు కూడా నాన్న చింపకుండా దాచారని నువ్వే రాశావు. నీ వ్యాసం మొత్తంలో నా మనసుకు తగిలిన వాక్యం అదొక్కటే. మరి ఆ పేజీలు చదివావా? చదివినట్టు ఎక్కడా కనపడలేదు.

నా పట్టుదల ఒకటే. పాత పుస్తకం మళ్లీ తెరిచినవాడు తన బాల్యం గురించి కాదు, పేజీ మీద ఏముందో రాయాలి. ఈ కామిక్ విషయంలో అది మరీ అవసరం, ఎందుకంటే దాని కథే అది. తండ్రి పంపితే షాంగ్-చీ వెళ్లి ఆ తండ్రి శత్రువు డాక్టర్ పెట్రీని చంపి వస్తాడు. ఫూ మంచును వెంటాడే బ్రిటిష్ వాడు నేలాండ్ స్మిత్ నోట, తండ్రి దుర్మార్గుడన్న నిజం వింటాడు, తల్లిని అడుగుతాడు, ఆమె కూడా అవునంటుంది. అప్పుడా కొడుకు 'మా నాన్న కాలం అలాంటిది' అనలేదు. ఎదురు తిరిగాడు. ఆ తర్వాత బ్రిటిష్ గూఢచారులతో కలిసినా వాళ్లనీ నమ్మడు. మోసం, చావుల ఆట ఇది అని విసిగిపోతూనే ఉంటాడు. వాడి కథ చెబుతూ నువ్వు వాడిపాటి ధైర్యం చెయ్యకపోతే ఎలా?

డిటెక్టివ్ సీరియల్స్ రాసి బతకాలనుకున్న రోజుల్లో ఒక వారపత్రిక సంపాదకుడు నన్ను కూర్చోబెట్టి, 'విలన్‌కి మన ఊరి మొహం వద్దండీ, ఎక్కడో దూరపు వాణ్ణి చెయ్యండి, పాఠకుడు హాయిగా ద్వేషిస్తాడు' అన్నాడు. నా విలన్ రేపల్లె వడ్డీ వ్యాపారి. మార్చనన్నాను. సీరియల్ ఆగిపోయింది. చాలాకాలం ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది ఇల్లు గడిపాను. ఆ మాట అన్నాయన పెద్దమనిషిగా సన్మానాలు అందుకున్నాడు. నాకిప్పటికీ మండుతుంది. హాయిగా ద్వేషించడానికి దూరపు ముఖం: ఫూ మంచు పుట్టిందీ సరిగ్గా అందుకే.

ఇప్పుడు ఆదివారం అనుబంధాలకి 'ఆ రోజులే వేరు' పిచ్చి పట్టింది. గోలీ సోడా, రేడియో, పాత కామిక్స్, అన్నిటికీ ఒకటే కన్నీళ్లు. నీ వ్యాసం ఇలాగే పంపితే వాళ్లు వెంటనే వేసుకుంటారు. నాకు భయమంతా అదే.

డగ్ మెంచ్ రచన, పాల్ గులాసీ బొమ్మలు కలిసిన సంచికలు తియ్యి. 45 నుంచి 50 దాకా వరసగా చదువు. ఒక్కో సంచిక ఒక్కో పాత్ర నోట నడుస్తుంది, షాంగ్-చీ తోటి గూఢచారిణి లీకో వూ కూడా తన కథ తాను చెప్పుకుంటుంది, చివరికి ఫూ మంచు కూడా. అంతవరకూ బయటినుంచే చూసిన రాక్షసుడికి 'నేను' అనే అవకాశం ఇచ్చారు. అదే పేజీల్లో వాడి ముఖం పసుపుగానే ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి రాయి. గులాసీ ఒక కొట్లాటని మాట లేకుండా ప్యానెల్ తర్వాత ప్యానెల్ ఎలా నడిపాడో నువ్వు రాసిన పేరా బాగుంది, అది ఉంచు.

ఇంత గొప్ప పని ఎవరికీ ఎందుకు తెలియలేదని వాపోయావు. కారణం ఉంది. 125వ సంచికతో 1983లో పత్రిక ఆగింది. ఫూ మంచు హక్కులు చేజారాక పునర్ముద్రణకు దారి మూసుకుపోయింది. సంకలనాలు రావడానికి 2016 దాకా పట్టింది. ఈలోగా కొత్త కథల్లో తండ్రికి జెంగ్ జు అని వేరే పేరు పెట్టారు. నీ వ్యాసంలో ఇదేదీ లేదు, ఉండాలి.

కలం పేరు గురించి, పుస్తకంగా వెయ్యడం గురించి అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఆ ఉత్తరాల పేజీలు ఫొటో తీసి నాకు పంపు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నేను కొనుక్కున్న కాపీల్లో చివరి కాగితాలు లేవు. ఎవరెవరు ఏమడిగారో, సంపాదకులు ఏం జవాబిచ్చారో చదవాలని ఉంది. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన