ఉద్యోగంలో తృప్తి లేకపోతే ఆసుపత్రిలో తగ్గేది ఏ పని?

"జీతం నెలనెలా పడుతుంటే ఎవరి పని వాళ్లు చేసేస్తారు కదా, ఆసుపత్రి సిబ్బందికి తృప్తి ఉంటే ఎంత, లేకపోతే ఎంత?" అని ఒకరు నన్ను అడిగారు. 12 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో చివరి 4 ఏళ్లు వార్డు ఇన్‌ఛార్జ్‌గా.

విసిగిపోయినవాళ్లు పని మానేయరు. బీపీ చార్టు నిండుతుంది, ఇంజెక్షన్ టైముకే పడుతుంది, కేస్ షీట్‌లో సంతకమూ ఉంటుంది. తగ్గేది ఎవరూ అడగని పని. మంచం పట్టిన పేషెంటును 2 గంటలకోసారి పక్కకు తిప్పాలనుకోండి, తిప్పినట్టు రాసేయడం క్షణం పని. వీపు మీద చర్మం ఎర్రబడిందేమో చూడటం మాత్రం మనసు పెడితేనే జరుగుతుంది. చూడకపోతే నాలుగు రోజులకు పుండై బయటపడుతుంది. అప్పటికి అది ఏ షిఫ్టులో మొదలైందో ఎవరూ చెప్పలేరు.

నా సంగతే చెబుతాను. ఒకసారి మా వార్డులో ఇద్దరు మానేశారు, వాళ్ల స్థానంలో 5 నెలల దాకా ఎవరూ రాలేదు. వరుసగా నైట్ డ్యూటీలు, వీక్లీ ఆఫ్ ఉందో లేదో ముందురోజు రాత్రికి గానీ తెలియదు. అలాంటి ఒక రాత్రి ఇన్సులిన్ తీసి, ఇంకొకరికి చూపించకుండానే బెడ్ దగ్గరికి వెళ్లిపోయాను. "సిస్టర్, రోజూ ఇంత ఎక్కించరే?" అంది పేషెంటు. చూస్తే డోసు రెట్టింపు. చేయి ఆగింది గనక సరిపోయింది. కానీ ఆ విషయం ఇన్సిడెంట్ రిపోర్టులో (వార్డులో జరిగిన పొరపాట్లు రాసే చోట) రాయలేదు. రాస్తే తిట్లు తప్ప ఏం వస్తుంది అనిపించింది. డోసు తప్పడం అలసట వల్లే అనుకుందాం, రాయకపోవడం మాత్రం ఆ ఉద్యోగం మీద విరక్తి వల్లే.

2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. నర్సుకు ఒక్కో పేషెంటు అదనంగా పెరిగేకొద్దీ నర్సుల్లో ఉద్యోగ అసంతృప్తికి అవకాశం 15 శాతం, సర్జరీ పేషెంట్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించాయి. అంటే అసంతృప్తీ, చెడు ఫలితాలూ రెండూ ఒకే మూలం నుంచి, అంటే నర్సుల కొరత నుంచి, రావచ్చు. అందుకే మనుషులను పెంచకుండా "ఉత్తమ ఉద్యోగి" సర్టిఫికెట్లు పంచితే నాకు చిరాకు.

ఇన్‌ఛార్జ్ అయ్యాక నా చేతిలో ఉన్నవి మూడే. డ్యూటీల రోస్టర్ నెల ముందే వేసి, షిఫ్టుల మార్పిడి వాళ్లలో వాళ్లనే చూసుకోమన్నాను. తప్పు జరగబోయి తప్పిపోయినా రాయండి, ఎవరినీ ఏమీ అనను అన్నాను. షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పగించే హ్యాండోవర్‌కు ఆయాలనూ పిలిచాను. పేషెంటు అన్నం ముట్టలేదన్న సంగతి మాకన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది మరి. మొదటి నెలలోనే రిపోర్టులు బాగా పెరిగాయి. మీ వార్డులో పని ఇంతగా చెడిందేమిటని పైవాళ్లు నన్ను పిలిచి అడిగారు. ఇన్నాళ్లూ జరిగినవే, ఇప్పుడు రాస్తున్నారు అని చెప్పి వచ్చాను.