నాన్నా, ట్రస్టు పెట్టేముందు ఆ గట్టర్ చూడు

నాన్నా,

ఇక్కడ ఇల్లినాయ్‌లోనే, అరోరాలో అద్దెకిచ్చేందుకు ఇల్లు కొన్నావని మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. రెండు సూట్‌కేసులతో మా బేస్‌మెంట్‌లో దిగినవాడివి నువ్వు! ఆ తర్వాత ఇంకో మాట చెప్పింది. ఇంటిని ల్యాండ్ ట్రస్టులో పెడుతున్నావట, ఇక ఎవరు కేసేసినా దాని జోలికి రాలేరట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ పెదనాన్న కూడా అప్పట్లో సరిగ్గా ఆ మాటే అన్నారు.

ట్రస్టు వద్దనను. ఇల్లినాయ్‌లో ఇది పాత పద్ధతే. డీడ్, అంటే ఇంటి దస్తావేజు, ట్రస్టు చూసే ట్రస్టీ పేరు మీద ఉంటుంది, కౌంటీ రికార్డుల్లో నీ పేరు కనపడదు, ట్రస్టీ మాత్రం నువ్వు చెప్పినట్టే చేస్తాడు. దానివల్ల వచ్చేది ఆ గోప్యతే. లోన్ ఇచ్చిన బ్యాంకుకు ముందే చెప్పి, వాళ్ల ఒప్పుకోలు కాగితం మీద తీసుకో.

జోలియట్‌లో మాకు రెండు వాటాల ఇల్లుండేది, ట్రస్టులోనే. వెనక మెట్ల మీద, చూరు నీళ్లు పట్టే గట్టర్ కారుతోందని కింది వాటా పెద్దావిడ అక్టోబరులోనే చెప్పింది. "ఇల్లు ట్రస్టులో ఉంది, మనకేం టెన్షన్, చలి తగ్గాక చూద్దాం" అన్నారు మీ పెదనాన్న. రిపేరు డబ్బులు అప్పటికి మిగులుతాయి కదా అని నేనూ సరేనన్నాను. జనవరిలో ఆ నీళ్లు మెట్ల మీద గడ్డకట్టాయి. చెత్త పారేయడానికి దిగుతూ ఆవిడ జారిపడింది. తుంటి ఎముక విరిగింది.

అరిసెలు చేశానంటే వెంటనే పైకొచ్చి తినే మనిషి. ఆసుపత్రికి వెళ్దామంటే మా లాయరు వద్దన్నాడు. వెళ్లలేదు. ఈరోజుకీ అది నన్ను తొలుస్తూనే ఉంది.

ఆకాశం నుంచి పడ్డ మంచు మీద జారితే ఇక్కడ ఓనరుది సాధారణంగా తప్పు కాదు. పాడైన గట్టర్ నుంచి కారిన నీళ్లు గడ్డకడితే అది వేరే లెక్క. కేసు పడ్డాక మా పేర్లు బయటికి రావడానికి ఎన్నాళ్లో పట్టలేదు. తీర్పు మాకు వ్యతిరేకంగా వస్తే ట్రస్టులో మా హక్కు మీదికీ రావచ్చని లాయరు చెప్పాడు. ఇన్సూరెన్స్ పాలసీ ఇంకా మీ పెదనాన్న పేరు మీదే ఉంది, ఇల్లేమో ట్రస్టీ పేరు మీద. ఆ తేడా పట్టుకుని కంపెనీ నెలల తరబడి ఉత్తరాలు రాసింది. చివరికి కొంత వాళ్లిచ్చారు, మిగతాది మీ అన్నయ్య కాలేజీకి దాచిన డబ్బు. మేముంటున్న ఇంటిని నా పేరుకు మారుద్దామన్నారు మీ పెదనాన్న. కేసు పడ్డాక అలా చేస్తే కోర్టు తిరగదోడుతుందని లాయరు ఆపాడు.

అందుకే చెబుతున్నా, పాలసీలో ట్రస్టీ పేరు చేర్పించు. మామూలు పాలసీ పరిమితి దాటిన నష్టానికి డబ్బిచ్చే అంబ్రెల్లా పాలసీ కూడా తీసుకో. ఎల్‌ఎల్‌సీ, అంటే ఓ చిన్న కంపెనీ పెట్టి, దాన్ని ట్రస్టులో నీ బదులు హక్కుదారుగా (బెనిఫిషియరీగా) పెట్టమని లాయరు అంటే సరే, కానీ దాని ఖాతా నీ ఖాతాతో కలపకు. నువ్వే స్వయంగా చేసిన నిర్లక్ష్యానికి ఎల్‌ఎల్‌సీ కూడా అడ్డురాదు. అద్దెకున్నవాళ్లు ఏదైనా పాడైందంటే ఆ వారమే బాగుచేయించు. వాయిదా వేశావని తెలిస్తే ఊరుకోను, చెబుతున్నా.

శనివారం అరోరా బాలాజీ గుడికి వస్తున్నాను, అటునుంచి నీ కొత్తింటికి. నిచ్చెన తెచ్చి పెట్టు. గట్టర్ నువ్వెక్కి చూడు, నేను కింద పట్టుకుంటాను.

మీ పెద్దమ్మ