తొమ్మిది, నాలుగుతో కాల్ చేశాను, అన్నయ్య మాట్లాడటం మానేశాడు

ప్రశ్న: పోకర్ నాకు నేర్పింది మా అన్నయ్య. టోర్నమెంట్లకు ఎంట్రీ ఫీజు చెరిసగం వేసుకుంటాం, గెలిచినదీ చెరిసగమే. నెల కిందట ఒక టోర్నమెంట్‌లో నేను బిగ్ బ్లైండ్‌లో, అంటే ముక్కలు చూడకముందే పెద్ద తప్పనిసరి పందెం కట్టే చోట, ఉన్నాను. బ్లైండ్లు (తప్పనిసరి పందేలు) చిన్నది 500, పెద్దది 1,000; వాటికి తోడు యాంటె అనే ఇంకో తప్పనిసరి పందెం టేబుల్ మొత్తానికి 1,000. బటన్ (పంపకందారు స్థానం) మీద ఉన్న ఆటగాడు తనకు మిగిలిన 2,500 చిప్స్‌తో ఆల్ ఇన్ అన్నాడు. స్మాల్ బ్లైండ్ కట్టినతను ఫోల్డ్, అంటే ముక్కలు పడేసి తప్పుకున్నాడు. నా చేతిలో రంగు కలవని తొమ్మిది, నాలుగు. ఇంకో 1,500 వేస్తే చాలు కదా అని కాల్ చేశాను (అతని పందేనికి సమంగా వేశాను), నాలుగు జంట పడి గెలిచాను. టేబుల్ అంతా నవ్వింది. విరామంలో అన్నయ్య "ఆ ముక్కలు చూపించాక ఇక నిన్నెవరు నమ్ముతారు?" అని మందలించాడు. గంట తర్వాత, నవ్వినవాళ్లలో ఒకతని మీద రివర్‌లో, అంటే చివరి ముక్క తెరిచాక, 12,000 పాట్‌కు (మధ్యలో పోగైన చిప్స్‌కు) 9,000 బ్లఫ్ వేశాను, చేతిలో బలం లేకుండానే. అది పారి ఉంటే అన్నయ్య నోరు మూతపడేది. అతను కాల్ చేశాడు, నా చిప్స్‌లో సగం పోయింది. ఇంటికి వచ్చాక వదిన ముందే "చిల్లర చిప్స్ కోసం పేరు పాడుచేసుకుంది" అన్నాడు అన్నయ్య. అప్పటినుంచి మా మధ్య మాటలు లేవు. తప్పు నాదేనా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు ఆటలు ఉన్నాయి. మీ అన్నయ్య వాటిని కలిపి ఒకే తప్పుగా చూశాడు. మీరూ ఒకే నిందగా మోస్తున్నారు. ముందు వాటిని విడదీయాలి.

మొదటి కాల్ సరైనదే. పాట్‌లో అప్పటికి 5,000 ఉన్నాయి: అతని 2,500, స్మాల్ బ్లైండ్ 500, మీ 1,000, యాంటె 1,000. మీరు 1,500 వేసి మొత్తం 6,500 కోసం పోటీ పడ్డారు. అంటే నూటికి సుమారు 23 సార్లు గెలిస్తే చాలు, నష్టం ఉండదు. ఎదుటివాడి చేతిలో ఆసు, రాజు ఉన్నా మీ తొమ్మిది, నాలుగు దాదాపు మూడింట ఒక వంతు గెలుస్తాయి. పెద్ద జంట ఉంటే మాత్రం ఎనిమిదింట ఒకటికి పడిపోతుంది. కానీ రెండున్నర బిగ్ బ్లైండ్లే మిగిలినవాడు పెద్ద జంట కోసం కాచుకుని కూర్చోలేడు, చేతికి వచ్చిన దేనితోనైనా తెగిస్తాడు. మూడింట ఒక వంతు చొప్పున లెక్క వేసినా ఆ కాల్ సగటున 650 చిప్స్‌కు పైగా తెచ్చిపెడుతుంది. పైగా ఒకరు బయటికి వెళితే మిగిలిన అందరూ బహుమతి డబ్బుకు ఒక మెట్టు దగ్గరవుతారు. నవ్వినవాళ్లు మీ ముక్కలను చూశారు, పాట్‌ను చూడలేదు.

మీ అన్నయ్యకు ఒక సంగతి గుర్తు చేయండి. 1970లో లాస్ వేగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూలో జరిగిన మొట్టమొదటి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో విజేతను తోటి ఆటగాళ్లు ఓట్లు వేసి ఎన్నుకున్నారు. అలా గెలిచినవాడు జానీ మాస్. ఆ ఒక్క ఏడాదీ పేరే కిరీటం తెచ్చింది. 1971లో పద్ధతి మార్చారు, చిప్స్ అన్నీ ఒకరి దగ్గరికి చేరేదాకా ఆడించారు. అప్పుడూ మాసే గెలిచాడు, కానీ ఈసారి చిప్స్ పోగు చేసుకుని.

అలాగని టేబుల్ ఇమేజ్, అంటే తోటి ఆటగాళ్లలో మనకున్న పేరు, వట్టి మాట అనను. అదీ ఆస్తే, కాకపోతే గడువు ఉన్న ఆస్తి. టోర్నమెంట్‌లో ఆటగాళ్లు తగ్గేకొద్దీ టేబుళ్లు రద్దవుతాయి, మనుషులు వేరే చోటికి మారతారు. మూడు గంటలు ఓపిగ్గా సంపాదించిన పేరు కొత్త టేబుల్‌లో ఎవరికీ తెలియదు. కాబట్టి చేతికందిన లాభాన్ని పేరు కోసం వదులుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది చూసినవాళ్లతో నేను ఇంకా ఎన్ని చేతులు (పంపకాలు) ఆడతాను? వాళ్లు అసలు గుర్తుపెట్టుకుని ఆట మార్చుకునే రకమేనా?

పేరు కోసం లాభం వదులుకోవడం న్యాయమైన చోట్లూ ఉన్నాయి. వరుసగా రెండుసార్లు బ్లైండ్లు దొంగిలించారనుకుందాం, అంటే మంచి ముక్కలు లేకున్నా రైజ్ చేసి (పందెం పెంచి), అందరూ ఫోల్డ్ చేయగా బ్లైండ్లు, యాంటె తీసుకున్నారనుకుందాం. మూడోసారి 2,500 కోసం 2,200 రైజ్ చేస్తే నూటికి 47 సార్లు అందరూ ఫోల్డ్ చేయాలి. అప్పటికే విసిగిపోయినవాళ్లు అన్నిసార్లు తలవంచరు. లాభం ఉన్నా అది వెంట్రుకవాసి. బహుమతులు మొదలయ్యే ముందు ఘట్టంలో బ్లైండ్లు 2,000, 4,000, యాంటె 4,000 అయ్యాయంటే అదే దొంగతనం 10,000 తెస్తుంది. అప్పటికి "ఈవిడ మంచి ముక్కలు లేనిదే కదలదు" అన్న ముద్ర ఉంటే అదే చొరవకు నాలుగు రెట్ల ఫలం. టేబుల్ రద్దు కాకుండా నిలుస్తుందని నమ్మకం ఉంటే ఈ 2,500ను నేనైతే సంతోషంగా వదిలేస్తాను. మీ మొదటి కాల్ ఈ కోవలోకి రాదు. అక్కడ లాభం స్పష్టం, బయటికి వెళ్లినవాడు మళ్లీ ఎదురు కూర్చోడు.

ఇక రెండో ఆట. ఇక్కడ, అమ్మా, మీ అన్నయ్య మాటలో నిజం ఉంది. 12,000 పాట్‌కు 9,000 బ్లఫ్ అంటే నూటికి 43 సార్లు ఎదుటివాడు ఫోల్డ్ చేయాలి. గంట కిందట మీ తొమ్మిది, నాలుగు చూసి నవ్వినవాడు అన్నిసార్లు నమ్మి వదిలేస్తాడా? అతని అంచనా పొరపాటే. ఆ కాల్ మీరు చేసింది ముక్కల మీద మోజుతో కాదు, ధర చవక కాబట్టి. కానీ అతని మనసులో ఉన్న పొరపాటు కూడా టేబుల్ మీద ఒక వాస్తవమే. మీ పేరు మారింది, మీ ఆట మారలేదు. అతనితో బ్లఫ్ మానేసి, నిజంగా బలమైన చేయి పడినప్పుడు మామూలుకన్నా పెద్ద పందెం కట్టాల్సింది. అతను కాల్ చేసేవాడు. ఆ నవ్వు విలువ వసూలు చేసుకునే దారి అది.

మీకు ఇది తెలియదని నేను అనుకోను. మీరే రాశారు: "అది పారి ఉంటే అన్నయ్య నోరు మూతపడేది." ఆ 9,000 చిప్స్ ఎవరి మీద పందెం కట్టారో ఆ వాక్యంలోనే ఉంది. ఎదురుగా ఉన్నతను లెక్కలోనే లేడు. గెలిచిన చేతికి మందలింపు పడింది, అది మీలో మండుతూనే ఉంది. బాధ సహజం. కానీ ఆ బాధతో కూర్చున్నంతసేపూ మీరు మీ అన్నయ్య కళ్లతో మీ ముక్కలు చూసుకుంటారు.

ఆయన తప్పు కూడా చిన్నది కాదు. ఫీజులో సగం పెట్టినవాడికి ఆట గురించి అడిగే హక్కు ఉంటుంది, చెల్లెల్ని వదిన ముందు చిన్నబుచ్చే హక్కు ఉండదు. విరామంలో మందలించడం ఇంకా నష్టం. టోర్నమెంట్ నడుస్తుండగా ఆడేవారి మనసు కలచడమంటే తన సగం వాటాను తానే కాలదన్నుకోవడం.

ఫోనులో వద్దు, ఎదురుగా వెళ్లి కూర్చోండి. మొదట బ్లఫ్ సంగతి మీరే ఎత్తి, అది నీ మీద కోపంతో వేశాను అన్నయ్యా అని చెప్పండి. కష్టమే, అయినా అక్కడినుంచే మొదలుపెట్టండి. తర్వాత కాగితం, పెన్సిలు తీసి 1,500, 6,500 లెక్క ఆయన చేతే వేయించండి. మీకు నేర్పింది ఆయనే కాబట్టి కాదనలేడు. వదిన ముందు అన్న మాట బాధపెట్టిందని లెక్క ముగిశాక విడిగా చెప్పండి, రెండూ కలపకండి. వచ్చే రెండు టోర్నమెంట్లకు, మీ దగ్గర ఆటకు విడిగా పెట్టుకున్న డబ్బు ఉంటేనే, ఫీజు మొత్తం మీరే కట్టుకోండి. ఆయన వచ్చి చూస్తానంటే రమ్మనండి. ఆట ముగిసేదాకా ఏ చేయి గురించీ ఇద్దరూ మాట్లాడకూడదని మాత్రం ముందే ఒప్పించండి.