నదికి నాలుగు రోజులివ్వండి

ప్రశ్న: మా అబ్బాయి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటాడు. సెప్టెంబరులో వాడి దగ్గరికి వెళ్తున్నాం. అక్కణ్నుంచి ఓ వారం దక్షిణ అమెరికాలోని సురినామ్ తీసుకెళ్తానంటున్నాడు. అడవులంటే నాకిష్టమే గానీ నదిలో పడవ ప్రయాణం అనగానే టెన్షన్ పట్టుకుంది. నాకు 61, మావారికి 66. ఆయన మాంసం, గుడ్డు ముట్టరు. మాలాంటివాళ్లు వెళ్లదగ్గ చోటేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లదగ్గ చోటేనమ్మా, హాయిగా వెళ్లిరండి. కానీ టికెట్లు కొనేముందు మీ షెంజెన్ వీసా ఒకసారి తీసి చూడండి. అది సింగిల్ ఎంట్రీ అయితే, సురినామ్ వెళ్లాక ఆ వీసాతో మళ్లీ ఆమ్‌స్టర్‌డామ్‌లో అడుగుపెట్టడం కుదరదు. మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు పడాలి. ఆ టీకా కార్డు లేకుండా సురినామ్ నుంచి వెంటనే ఇంటికి వస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. అరవై దాటినవాళ్లకు ఈ టీకా విషయంలో జాగ్రత్త అవసరం, మీ డాక్టరుతో మాట్లాడాకే వేయించుకోండి. మలేరియా బెంగ వద్దు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సురినామ్‌ను మలేరియా లేని దేశంగా ప్రకటించింది. డెంగీ దోమలు మాత్రం ఉంటాయి, పొడుగు చేతుల బట్టలు పెట్టుకోండి.

రాజధాని పరమారిబోకి రెండు రోజులు చాలు. కైజర్‌స్ట్రాట్ అనే వీధిలో మసీదు, యూదుల ప్రార్థనా మందిరం పక్కపక్కనే ఉంటాయి, అది తప్పక చూడండి. మీవారి భోజనానికి ఇబ్బంది లేదు. 1873 జూన్ 5న లల్లా రూఖ్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి విడత కూలీలను అక్కడ దింపింది. 1916 వరకు అలా 34 వేల మంది దాకా వెళ్లారు, ఎక్కువమంది బిహార్, ఉత్తరప్రదేశ్ వైపువాళ్లు. వాళ్ల మనవలు నడిపే రోటీ కొట్లు ఊరంతా ఉన్నాయి. పప్పు కూరిన రొట్టె, బంగాళదుంప కూర, అలసంద కాయల వేపుడు. చికెన్, గుడ్డు వద్దని ముందే చెప్పాలి, లేకపోతే వాటితోనే వడ్డిస్తారు. వాళ్లు మాట్లాడే సర్నామీ భాష నా స్కూలు హిందీకి సగం అందింది. ఆ కొట్లో కూర్చుని ఆ మాటలు వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి.

మిగిలిన రోజుల్లో నాలుగు సురినామ్ నదికి ఇచ్చేయండి. మీ అబ్బాయి ఒక్క రోజు టూరు చాలంటే ఒప్పుకోకండి, అందులో రోజంతా వ్యానులోనే పోతుంది. పరమారిబో నుంచి మూడు గంటలు పైనే వెళ్తే అచోని రేవు వస్తుంది. రోడ్డు అక్కడితో ఆఖరు. ఎగువనున్న సరమకా అనే తెగవాళ్ల ఊళ్లకు పడవే బస్సు. బియ్యం బస్తాలు, గ్యాస్ బండలు, బడి పిల్లలు అన్నీ అందులోనే.

మీ టెన్షన్ నాకు తెలుసు, నేనూ పడ్డాను. 2019 అక్టోబరులో వెళ్లాను, నీళ్లు తగ్గి రాళ్లు పైకి తేలి ఉన్నాయి. మీరు వెళ్లేదీ ఆ ఎండ రోజుల్లోనే. పొడవాటి చెక్క పడవ. వెనక ఒకాయన ఇంజన్ దగ్గర, ముందు కొసన ఒక కుర్రాడు గడకర్రతో. ఆ కుర్రాడు నోరు విప్పి ఒక్క మాట అనలేదు. ఎడమ చెయ్యి కొంచెం ఎత్తితే వెనకాయన ఇంజన్ తగ్గించేవాడు. గడ రాతికి ఆనించి నెడితే పడవ ముక్కు పక్కకు తిరిగేది. ఒకచోట అడుగున రాయి రాసుకుంటే ఆ గరగర నా అరికాళ్లకు తెలిసింది. పావుగంట బిగుసుకుని కూర్చున్నాను. తర్వాత ఆ కుర్రాడి చేతినే చూస్తూ ఉండిపోయాను, భయం ఎప్పుడు పోయిందో తెలియలేదు.

బుక్ చేసేటప్పుడే లైఫ్ జాకెట్లు ఉన్నాయా, మీవారికి శాకాహారం వండుతారా అని గట్టిగా అడగండి. పడవలో వీపుకు ఆనుకునే వీలు ఉండకపోవచ్చు, ఒక దిండు పట్టుకెళ్లండి. బట్టల సంచిని లోపలా బయటా రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టండి. నా మందులు మొదటి రోజే తడిసిపోయాయి. ఊళ్లలో ఏటీఎంలు ఉండవు, సురినామ్ డాలర్లు చిన్న నోట్లుగా దగ్గరుంచుకోండి.

ఊరి మొదట్లో ఆకులతో కట్టిన తోరణం ఉంటే దాని కిందనుంచే వెళ్లాలి, చెడు ఊళ్లోకి రాకుండా కట్టినది అది. ఏటి ఒడ్డున గిన్నెలు తోముకునే ఆడవాళ్లను అడగకుండా ఫొటో తీయొద్దు. ఈ సరమకావాళ్ల పూర్వీకులు బానిసలుగా ఉన్న డచ్చివాళ్ల తోటల్లోంచి తప్పించుకుని అడవిలో నిలబడి పోరాడి, 1762లో తమ స్వేచ్ఛకు ఒప్పందం రాయించుకున్నారు. సురినామ్‌లో బానిసత్వం రద్దయింది 1863లో. మీరు అచోనికి వెళ్లే దారిలోనే బ్రౌన్స్‌వేఖ్ వస్తుంది. 1964లో ఆనకట్ట నీళ్లలో ఊళ్లు మునిగిపోయినవాళ్లు వచ్చి ఉంటున్న చోటు అది. కాసేపు ఆగండి.

పడవ దిగేటప్పుడు ‘గ్రాన్ తాంగి’ అనండి, చాలా థ్యాంక్స్ అని అర్థం. ఇంజన్ ఆయనతో పాటు, ముందు గడ పట్టుకున్న కుర్రాడికీ చెప్పండి.