ఒకే ఇంగ్లిష్ కంటెంట్, మూడు దేశాల సైట్లు: మళ్ళీ రాయించాల్సింది ఏది?

ప్రశ్న: మా కంపెనీకి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలకు వేర్వేరు ఇంగ్లిష్ సైట్లున్నాయి. మూడింట్లోనూ దాదాపు ఒకటే కంటెంట్. గూగుల్ పెనాల్టీ వేస్తుందా? అన్ని పేజీలూ, టైటిల్సూ తిరగరాయించాలా?

పెనాల్టీ వేయదండి. ఈ మాట గూగుల్ వాళ్ళే 2008లో చెప్పారు. అయినా ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లలు ఇప్పటికీ డూప్లికేట్ కంటెంట్ అనగానే పెనాల్టీ అంటారు. అమీర్‌పేట కోచింగుల్లో ఆ పాఠం మార్చేవాళ్ళే లేరనిపిస్తుంది. నిజంగా జరిగేదేమిటంటే, ఒకేలా ఉన్న పేజీల్లోంచి గూగుల్ ఒకదాన్ని ఎంచుకుని మిగతావాటిని పక్కన పెడుతుంది. అది ఎంచుకున్నది వేరే దేశం పేజీ అయినప్పుడే మనకు తలనొప్పి.

నేను హైదరాబాద్‌లో ఉండి విదేశీ క్లయింట్లకు ఈ పనే చేస్తాను. బెడ్‌షీట్లు, బొంతలు అమ్మే ఒక కంపెనీ మా దగ్గరకు వచ్చేసరికి వాళ్ళ బ్రిటన్ సైట్ గూగుల్‌లో దాదాపు కనిపించడం మానేసింది. అంతకు ముందు చూసిన ఏజెన్సీ, ఈ పెనాల్టీ భయంతోనే, బ్రిటన్, ఆస్ట్రేలియా పేజీలన్నిటిలో కెనానికల్ ట్యాగ్‌లో, అంటే ఒకేలా ఉన్న పేజీల్లో అసలుది ఏదో గూగుల్‌కు చెప్పే కోడ్‌లో, అమెరికా పేజీ అడ్రస్ పెట్టింది. అసలు పేజీ నేను కాదు, అదీ అని ప్రతి పేజీ చేతా చెప్పించినట్టయింది. గూగుల్ ఆ మాటే నమ్మి బ్రిటన్ వాళ్ళకు కూడా అమెరికా పేజీలే చూపించింది.

మొదటి కాల్‌లోనే లండన్‌లో కస్టమర్ కేర్ చూసే ఆవిడ తన స్క్రీన్ షేర్ చేసింది. వాపసు వచ్చిన ఆర్డర్ల జాబితా అది. కారణం రాసే చోట వరసగా ఒకటే మాట: మరీ పెద్దది, మరీ పెద్దది, మరీ పెద్దది. వాళ్ళంతా గూగుల్‌లో వెతికి, అమెరికా పేజీలో దిగి, డాలర్లు కట్టి కింగ్ సైజ్ ఫిటెడ్ షీట్లు తెప్పించుకున్నవాళ్ళు. అమెరికాలో కింగ్ సైజ్ పరుపు వెడల్పు 193 సెంటీమీటర్లు, ఆస్ట్రేలియాలో 183, బ్రిటన్‌లో 150. నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉన్న షీట్ ఇంత తేడా ఉంటే పరుపు మీద ఎలా నిలుస్తుంది? "మా సైట్లో సైజుల పట్టిక సరిగ్గానే ఉంది, కానీ ఆ సైట్‌కి ఎవరూ రావట్లేదు" అందావిడ.

ఇది ఇలా ఉండగానే ఆ కంపెనీ ప్రతి వివరణనూ మూడు దేశాలకు మూడు రకాలుగా తిరగరాయించమని పట్టుబట్టింది. ఆ పని మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల మీద పడింది. రాత్రి పొద్దుపోయాక ఒకమ్మాయి నా సీటు దగ్గరకొచ్చి, "అన్నా, త్రెడ్ కౌంట్‌కి ఇంకో మాట ఏం రాయాలి?" అని అడిగింది. త్రెడ్ కౌంట్ అంటే బట్ట నేతలో దారాల లెక్క. ఆమె ఎక్సెల్ షీట్ తెరిచి చూశాను. నూరు శాతం కాటన్ అన్నది అప్పటికే పూర్తిగా పత్తి పీచుతో రూపొందినదిగా మారిపోయింది. నాకు చాలా బాధేసింది. చదువుకున్న పిల్లల కష్టం అలా బూడిదలో పోసిన పన్నీరు కావడం నేను చూడలేను. మర్నాడే క్లయింట్‌తో మాట్లాడి ఆ పని ఆపించాం. త్రెడ్ కౌంట్‌కి ఇంకో మాట అక్కర్లేదు. ఇంగ్లిష్ చదివే మూడు దేశాలవాళ్ళకూ ఒకే వాక్యం అర్థమవుతుంది. మారాల్సింది సైజు, ధర, డెలివరీ, రిటర్న్ నిబంధనలు.

తర్వాత చేసింది పెద్ద విద్యేమీ కాదు. ప్రతి దేశం పేజీకీ దాని అడ్రస్‌నే కెనానికల్‌గా పెట్టాం. ఏ పేజీ ఏ భాషకు, ఏ దేశానికో గూగుల్‌కు చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగ్‌లో బ్రిటన్‌కు ఈఎన్-యూకే అని ఉన్నది తీసేసి ఈఎన్-జీబీ పెట్టాం. భాషల కోడ్లలో యూకే అంటే ఉక్రేనియన్, దేశాల కోడ్లలో బ్రిటన్ జీబీ. ఈ ట్యాగులు పెళ్ళి సంబంధం లాంటివి, రెండు వైపులా ఒప్పుకోవాలి. అమెరికా పేజీ బ్రిటన్ పేజీని చూపిస్తే సరిపోదు, బ్రిటన్ పేజీ కూడా అమెరికా పేజీని చూపించాలి. లేకపోతే గూగుల్ పట్టించుకోదు. ఇలాంటి తప్పులను చూపించే రిపోర్ట్ సెర్చ్ కన్సోల్‌లో, అంటే సైట్ ఓనర్లకు గూగుల్ ఇచ్చే టూల్‌లో, ఉండేది. 2022లో దాన్ని తీసేశారు. అది నాకు ఇప్పటికీ కోపమే.

ఇంత చేసినా, పేజీలు మరీ ఒకేలా ఉంటే గూగుల్ వాటిని కలిపేసి, ఫలితాల్లో లింక్ మాత్రం మార్చి చూపించవచ్చు. అప్పుడు లింక్ బ్రిటన్‌ది, కింద కనిపించే ధర డాలర్లది అవుతుంది. అందుకే గూగుల్ ఫలితాల్లో కనిపించే టైటిల్, దాని కింది డిస్క్రిప్షన్ ఆ దేశంలో ఉండే మనిషి చేతే రాయించాలని నేను గట్టిగా అంటాను. మేము బ్రిటన్ టైటిల్స్ ఆ కస్టమర్ కేర్ ఆవిడ చేతే రాయించాం. కింగ్ సైజ్ పక్కనే 150 సెంటీమీటర్లు అని చేర్చింది మొదట ఆవిడే. అమెరికాలో కంఫర్టర్ అని వెతికే బొంతను బ్రిటన్‌లో డువే అని, ఆస్ట్రేలియాలో డూనా అని వెతుకుతారు. బ్రిటన్ ధరలో 20 శాతం వ్యాట్, ఆస్ట్రేలియా ధరలో 10 శాతం జీఎస్‌టీ కలిపే చూపించాలి, అమెరికాలో సేల్స్ ట్యాక్స్ బిల్లులో విడిగా పడుతుంది. ఇక డిసెంబర్‌లో సిడ్నీ వాళ్ళకు చలికాలం ఆఫర్ అని డిస్క్రిప్షన్ వెళ్తే ఎవరు క్లిక్ చేస్తారు? అక్కడ అది నడి వేసవి.

ఇంకొక్కటి చెప్పాలి. ఐపీ అడ్రస్‌ను బట్టి ఏ దేశం నుంచి వచ్చారో చూసి మనిషిని బలవంతంగా వేరే సైట్‌కి తోసే పద్ధతి దయచేసి పెట్టకండి. పేజీలు చదవడానికి గూగుల్ పంపే ప్రోగ్రామ్, గూగుల్‌బాట్, ఎక్కువగా అమెరికా ఐపీల నుంచే వస్తుంది. దాన్ని ప్రతిసారీ అమెరికా సైట్‌కి తోసేస్తే మీ బ్రిటన్ పేజీని అది చూసేదెప్పుడు? డాలస్‌లో ఉన్న తమ్ముడు లండన్‌లో అక్క గృహప్రవేశానికి అక్కడి సైట్ నుంచే షీట్లు పంపుదామనుకున్నా ఆ సైట్ తెరుచుకోదు. పైన చిన్న బ్యానర్ పెట్టి, ఏ దేశం సైట్ కావాలో వాళ్ళనే ఎంచుకోనివ్వండి.

మీరు రైటర్‌ను పెట్టుకునే ముందు సెర్చ్ కన్సోల్‌లో మీ బ్రిటన్ పేజీ ఒకటి ఇన్‌స్పెక్ట్ చేయండి. గూగుల్ ఎంచుకున్న కెనానికల్ అనే చోట అమెరికా అడ్రస్ ఉంటే ముందు డెవలపర్‌ను పిలవండి. రైటర్‌కు ఇవ్వాల్సిన డబ్బు సైజుల పట్టికకూ, టైటిల్స్‌కూ దాచిపెట్టండి.