యూరప్ నుంచి వచ్చిన స్పీడ్ జరిమానా: ఏ కాగితానికి ఎన్ని రోజులు?

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. పోయిన సెప్టెంబరులో మ్యూనిక్‌లో కారు అద్దెకు తీసుకుని, అక్కడే ఉద్యోగం చేస్తున్న మా బావమరిదితో కలిసి ఆస్ట్రియా మీదుగా ఇటలీ వెళ్లొచ్చాం. అద్దె ఒప్పందం నా పేరు మీద ఉంది, రెండో డ్రైవరుగా ఆయన పేరూ రాయించాం. తర్వాత కొన్నాళ్లకు అద్దె కంపెనీ నా క్రెడిట్ కార్డు నుంచి రెండుసార్లు నలభై యూరోల చొప్పున కట్ చేసుకుంది. మొన్న రెండు ఉత్తరాలు వచ్చాయి. ఆ రోజు కారు ఎవరు నడిపారో చెప్పమని ఆస్ట్రియా జిల్లా కార్యాలయం రాసింది. 90 దాటకూడని చోట 110తో వెళ్లారంటూ 173 యూరోలు, పైన ఖర్చులు కట్టమని టస్కనీలోని ఒక పట్టణ మునిసిపల్ పోలీసులు రాశారు. ‘ఒకసారి డబ్బు కట్ అయింది కదా, వదిలేయ్, ఇండియా దాకా ఎవరొస్తారు’ అంటున్నారు స్నేహితులు. వచ్చే మే నెలలో మళ్లీ జర్మనీ, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ వెళ్లాలి. వీసాకు అడ్డం వస్తుందా? ఈసారి జరిమానాలు పడకుండా ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ నలభై యూరోల సంగతి. అది జరిమానా కాదు. పోలీసులు అడిగినప్పుడు మీ పేరు, చిరునామా తీసి ఇచ్చినందుకు అద్దె కంపెనీ వేసుకున్న రుసుము. మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో ఆ షరతు ఉంటుంది. అసలు జరిమానా విడిగా పోస్టులో వస్తుంది, విడిగానే కట్టాలి. రెండుసార్లు కట్ అయింది, రెండు ఉత్తరాలు వచ్చాయి, లెక్క సరిపోయింది. మూడోసారి కట్ అయితే మూడో ఉత్తరం దారిలో ఉందనుకోండి. కంపెనీ ఇన్‌వాయిస్‌లో ఉల్లంఘన తేదీ, గంట ఉంటాయి. అవి మీరు కారు తీసుకున్న సమయానికి ముందో, తిరిగి ఇచ్చిన తర్వాతో అయితేనే బ్యాంకులో ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడగండి. లేకపోతే ఆ ఫిర్యాదు నిలబడదు.

రెండు ఉత్తరాల్లో ముందు ఆస్ట్రియాది చూడండి. డబ్బు అడగలేదు కదా అని దాన్ని పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. కానీ గడువు తక్కువున్న కాగితం అదే: చేతికి అందిన రోజు నుంచి రెండు వారాలు. ఆ తేదీకి రుజువుగా కవరునూ, పోస్టు ట్రాకింగ్ కాగితాన్నీ దాచుకోండి. అది డ్రైవరు విచారణ పత్రం. ఆస్ట్రియా చట్టం ప్రకారం వాహనం ఎవరి చేతికి ఇచ్చారో వాళ్లు డ్రైవరు పేరు, పూర్తి చిరునామా చెప్పి తీరాలి. చెప్పకపోవడమే ఒక నేరం. దానికి పడే జరిమానా తరచూ అసలు స్పీడ్ జరిమానాను మించిపోతుంది. ‘గుర్తు లేదు’ అని రాసినా చెప్పనట్టే లెక్క.

ఆ గంటలో స్టీరింగ్ మీ బావమరిది చేతిలో ఉంటే ఆయన పేరే రాయండి. మీ చేతిలో ఉంటే మీ పేరు రాయండి. ‘ఇండియాలో ఉన్నవాడి మీద వేసుకుంటే పోతుంది’ అని ఇంట్లో కూర్చుని పంచుకోవద్దు. అధికారికి తెలిసి తెలిసి తప్పుడు పేరు ఇవ్వడం ట్రాఫిక్ జరిమానాతో ముగిసే వ్యవహారం కాదు, అది క్రిమినల్ కేసుకు దారి తీస్తుంది. అక్కడ నివాస అనుమతి మీద బతుకుతున్న మనిషిని ఆ ప్రమాదంలోకి నెట్టకండి. నిజం చెప్తే ఆయనకు పోయేది కొద్ది డబ్బే. జర్మనీ, ఆస్ట్రియాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి 25 యూరోలు దాటిన జరిమానాను జర్మనీలోనే వసూలు చేస్తారు. ఆస్ట్రియాలో చేసిన తప్పుకు ఆయన జర్మన్ రికార్డులో పాయింట్లు (డ్రైవింగ్ తప్పులకు వేసే మార్కులు) పడవు. పేరు చెప్పాక ఆ డ్రైవరుకు జరిమానా ఉత్తర్వు వస్తుంది. దాని మీద అభ్యంతరం చెప్పుకోవడానికి మళ్లీ రెండు వారాలే.

ఇక ఇటలీ నోటీసు. దాంట్లో అంకెలు ఒకసారి మీరే లెక్క కట్టి చూడండి. ఇటలీలో కెమెరా కొలిచిన వేగంలోంచి 5 శాతం, కనీసం 5 కిలోమీటర్లు, మీకు అనుకూలంగా తీసేస్తారు. 110లోంచి 5.5 పోతే 104.5. పరిమితి 90, అంటే 14.5 ఎక్కువ. 10 కిలోమీటర్ల లోపు అయితే కనీస జరిమానా 42 యూరోలు, 10 నుంచి 40 దాకా 173 యూరోలు. కెమెరా 105 చూపించి ఉంటే తీసివేత పోగా 99.75 అయ్యేది, 42తో బయటపడేవారు. ఐదు కిలోమీటర్ల తేడాకు జరిమానా నాలుగింతలైంది. రాత్రి 10 నుంచి ఉదయం 7 మధ్య జరిగితే దాని మీద మూడో వంతు పెరుగుతుంది. నోటీసులోని గంటను అందుకే చూడమంటున్నాను.

నోటీసు అందిన 5 రోజుల్లో కడితే 30 శాతం తగ్గింపు ఉంది: 173 బదులు 121.10. అరవై రోజుల దాకా 173. అరవై దాటితే గరిష్ఠ మొత్తంలో సగం, అంటే 347. నోటీసు పంపిన ఖర్చులు వీటికి అదనం. మన దగ్గర పెండింగ్ చలాన్లకు ఎప్పటికైనా రాయితీ ప్రకటిస్తారని ఎదురుచూడటం అలవాటైంది. తెలంగాణలో 2022లో, 2023 చివర్లో అలా ఇచ్చారు కూడా. యూరప్‌లో లెక్క తిరగబడుతుంది. రాయితీ మొదటి రోజుల్లోనే, ఆలస్యమయ్యే కొద్దీ పెరగడమే. ఇటలీలో 5 రోజుల్లో కడితే ఆ 30 శాతం తగ్గింపు, స్పెయిన్‌లో 20 రోజుల్లో కడితే సగమే.

కట్టేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. బ్యాంకు నుంచి విదేశీ బదిలీ పంపితే రెండు మూడు రోజులు పడుతుంది, మధ్యలో బ్యాంకులు తమ చార్జీ కోసుకుంటాయి. 121.10 పంపితే అవతల అంతకన్నా తక్కువ పడవచ్చు. తక్కువ పడిన డబ్బును పాక్షిక చెల్లింపుగా తీసుకుని మిగతాది బాకీ చూపిస్తారు. నోటీసులో ఇచ్చిన వెబ్‌సైటులో కార్డుతో కట్టడమే మేలు. బదిలీయే చేయాల్సి వస్తే చార్జీలన్నీ పంపేవారివే అని ఫారంలో రాయించి, నోటీసు నంబరు, కారు నంబరు తప్పకుండా వేయండి. రెండోది, మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి కట్టడం. వెబ్ చిరునామాను కాగితం మీద చూసి మీ చేతులతో టైప్ చేయండి.

అప్పీలు చేయాలా? విదేశాల్లో ఉండేవారికి ప్రిఫెక్ట్ (ఆ ప్రాంతంలో ప్రభుత్వ ప్రతినిధి అయిన అధికారి) దగ్గరైనా, అక్కడి చిన్న జడ్జి కోర్టులోనైనా 60 రోజుల గడువు ఉంది. డబ్బు కట్టేస్తే అప్పీలు హక్కు పోతుంది. ప్రిఫెక్ట్ దగ్గర ఫీజు లేదు, కానీ ఓడిపోతే మొత్తం కనీసం రెట్టింపవుతుంది. కోర్టులో 43 యూరోల ఫీజు ఉంటుంది, అక్కడ మనిషి కావాలి. విదేశాల్లో ఉన్నవారికి నోటీసు 360 రోజుల్లోపు పంపాలని ఇటలీ చట్టం. అద్దె కారు విషయంలో మాత్రం మీ చిరునామా వాళ్లకు తెలిసిన రోజు నుంచి లెక్క మొదలైందని వాదిస్తారు. సెప్టెంబరు ఘటనకు ఇప్పుడు వచ్చిన నోటీసు ఎలా చూసినా గడువులోపే. కెమెరా యంత్రానికి ఆమోదం ఒక్కటే ఉంటే చాలదు, ప్రత్యేక ధ్రువీకరణ కూడా ఉండాలని 2024 ఏప్రిల్‌లో ఇటలీ సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తీర్పు చూపించి చాలామంది అప్పీళ్లకు వెళ్లారు. 173 యూరోల కోసం హైదరాబాద్ నుంచి ఆ వాదన నడపడం నష్టమే. కారు నంబరో, తేదీయో స్పష్టంగా తప్పు ఉంటే తప్ప కట్టేయండి.

‘ఇండియా దాకా ఎవరొస్తారు’ అన్న మాటలో చట్టపరంగా కొంత నిజం ఉంది, దాచను. విదేశీ కోర్టుల డిక్రీలను ఇక్కడ నేరుగా అమలు చేసుకునే దారి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ. జరిమానాలు, పన్నులు దాని కిందికి రావని ఆ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. యూరోపియన్ యూనియన్ దేశాలు ఒకరి జరిమానాను ఒకరు వసూలు చేసిపెట్టే ఏర్పాటు 70 యూరోలు, ఆపైన మొత్తాలకు ఉంది, అది వాళ్లలో వాళ్లకే. ఇటలీలో బండి నడిపింది మీ బావమరిది అయితే మాత్రం ఆ ఏర్పాటు ఆయనకు వర్తిస్తుంది.

వీసా సంగతి: కట్టని ట్రాఫిక్ జరిమానా ఒక్కటే కారణంగా వీసా నిరాకరించవచ్చని షెంగెన్ వీసా కోడ్‌లో లేదు. 2025 అక్టోబరు 12న మొదలైన ఎంట్రీ ఎగ్జిట్ సిస్టంలో నమోదయ్యేది వేలిముద్రలు, ఫొటో, రాకపోకల తేదీలు, ప్రవేశ నిరాకరణలు. చలాన్లు కాదు. అయినా వదిలేయమని చెప్పను. మీరు మళ్లీ వెళ్తున్నారు. జరిమానా వేసిన దేశంలో పోలీసు ఆపితే పెరిగిన మొత్తం అక్కడే అడగవచ్చు. తప్పు చేశాం, దారి చూపించారు, గడువులో కట్టి రసీదు దాచుకుంటే మే నెల ప్రయాణం నిశ్చింతగా సాగుతుంది.

ఆ మూడు దేశాల్లో పద్ధతులు వేరువేరు. జర్మనీలో శిక్ష డ్రైవరుకే, అందుకే కెమెరా ముందు నుంచి ముఖం ఫొటో తీస్తుంది. 100 లోపు వేగంలో 3 కిలోమీటర్లు, ఆపైన 3 శాతం తీసేస్తారు. ఊరి బయట 10 దాకా ఎక్కువైతే 20 యూరోలు, 15 దాకా 40. ఊళ్లో 21 నుంచి 115 యూరోలు, ఒక పాయింటు. 31 నుంచి 260 యూరోలు, ఒక నెల డ్రైవింగ్ నిషేధం. చిన్నవాటికి వారం గడువుతో హెచ్చరిక చలానా వస్తుంది. 60 యూరోల నుంచి జరిమానా ఉత్తర్వు, దానికి 28.50 ఖర్చులు కలుస్తాయి, అభ్యంతరానికి రెండు వారాలు. ‘మూడు నెలలు దాటితే జర్మన్ కేసు చెల్లదు’ అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆ మూడు నెలల్లో మీకు విచారణ ఫారం పంపమని ఉత్తర్వు అయితే చాలు, గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

స్విట్జర్లాండ్‌లో ఊళ్లో 5 కిలోమీటర్లు ఎక్కువైతే 40 ఫ్రాంకులు, 10 దాకా 120, 15 దాకా 250. పదహారో కిలోమీటరు నుంచి అది చలానా కాదు, ప్రాసిక్యూటర్ కేసు. 50 ఉన్న చోట 100 కొడితే జైలు శిక్ష పడే నేరం. చలానా 30 రోజుల్లో కట్టకపోతే మామూలు క్రిమినల్ విచారణగా మారి ఖర్చులు తోడవుతాయి. అప్పటికీ కట్టని జరిమానా జైలు రోజులుగా మారుతుంది. మూడు దేశాల్లో ఇక్కడే ఎక్కువ జాగ్రత్త పడండి.

ఫ్రాన్స్‌లో 50 ఉన్న ఊళ్లో 20 లోపు ఎక్కువైతే 135 యూరోలు, త్వరగా కడితే 90, ఆలస్యమైతే 375. ఊరి బయట అదే తప్పుకు 68, 45, 180. కెమెరా చలానాను సవాలు చేయాలంటే సాధారణంగా ముందు ఆ మొత్తం డిపాజిట్ కట్టాలి.

రోడ్డు మీద మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఊరి పేరు బోర్డు దగ్గర. జర్మనీలో పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో ఊరి పేరు కనిపించిన చోటి నుంచే 50. విడిగా 50 అని గుండ్రటి బోర్డు పెట్టరు. ఫ్రాన్స్‌లో తెల్ల బోర్డుకు ఎర్ర అంచు. అదే పేరు మీద అడ్డంగా గీత కొట్టిన బోర్డు వస్తేనే ఊరు దాటినట్టు. మనకు అది ఊరి పేరు చెప్పే బోర్డే అనిపిస్తుంది, 80తోనే దూసుకుపోతాం, కాస్త ముందుకెళ్తే కెమెరా. బోర్డు దాటాక బ్రేక్ వేస్తే లాభం లేదు. బోర్డు దగ్గరికి చేరేసరికే 50కి దిగాలి. 30 జోన్ బోర్డు అయితే జోన్ ముగిసిందనే బోర్డు వచ్చేదాకా మలుపులు తిరిగినా 30యే. పారిస్ ఊళ్లో చాలా వీధులు 30, చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు 2024 అక్టోబరు నుంచి 50.

జర్మనీలో గుండ్రటి బోర్డు కింద చిన్న పలక ఉంటుంది. తడి (Nässe) అనే మాట ఉంటే వాన పడి రోడ్డు తడిసినప్పుడే ఆ పరిమితి. 22-6 అని అంకెలుంటే రాత్రి వేళకే. ఫ్రాన్స్ మోటార్‌వేల మీద మామూలుగా 130, వానలో 110. ఆస్ట్రియాలో సగటు వేగం కొలిచే కెమెరాలున్నాయి, ఇటలీ మోటార్‌వేల మీదా ఉన్నాయి. మొదటి స్తంభం నుంచి చివరి స్తంభానికి ఎన్ని నిమిషాల్లో వచ్చారో చూసి లెక్క కడతాయి. ఓఆర్ఆర్ మీద కెమెరా కనపడగానే తగ్గించి, దాటగానే తొక్కే అలవాటు అక్కడ పనికిరాదు.

కెమెరాలు ముందే చెప్పే యాప్ వేసుకుందామనుకోవద్దు. జర్మనీలో డ్రైవరు వాడితే 75 యూరోలు, ఒక పాయింటు. ఫ్రాన్స్‌లో 1500 యూరోల దాకా పోవచ్చు, పరికరం జప్తు చేస్తారు. స్విట్జర్లాండ్‌లోనూ నిషేధమే. దానికన్నా మంచి సాధనం కారులోనే ఉంది. 2024 జులై 7 నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారులో వేగ పరిమితి దాటితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. చిరాకుగా ఉందని దాన్ని ఆపేయకండి. అది పక్కదారి బోర్డును తప్పుగా చదివే సందర్భాలుంటాయి, అప్పుడు మీ కళ్ల ముందున్న బోర్డే లెక్క. స్టీరింగ్ మీద ఎల్ఐఎం (LIM, వేగానికి హద్దు పెట్టేది) అనే మీట ఉంటే ఊళ్లోకి వెళ్లేటప్పుడు 50కి పెట్టుకోండి, యాక్సిలరేటర్ మామూలుగా తొక్కినంతవరకు కారు సాధారణంగా అంతకు మించదు. మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదన్నది అక్కడి నియమం, కొద్దిగా ఎక్కువే చూపిస్తుంది. ఫోన్‌లోని వేగం చూసి ఆ కొద్దిపాటి వెసులుబాటును మింగేయకండి.

ఆర్‌టీఏ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఏడాది చెల్లుతుంది, అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. నడిపే ప్రతి ఒక్కరి పేరూ ఈసారి కూడా ఒప్పందంలో రాయించండి. ఎవరు ఏ గంట నుంచి ఏ గంట దాకా నడిపారో ఫోన్‌లో రాసి పెట్టుకోండి, ఆరు నెలల తర్వాత వచ్చే ఉత్తరానికి జవాబు దాంట్లోనే ఉంటుంది. కౌంటర్ దగ్గర సంతకం పెట్టే ముందు మీ చిరునామా చదవండి. ఫ్లాటు నంబరు, పిన్‌కోడ్ తప్పుంటే నోటీసు మీకు చేరదు. మీకు అందలేదని నిరూపించుకునే భారం మీ మీద పడేలోపే 121 యూరోలు 347 అయిపోతాయి.