నర్సింగ్ విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు: ముందు డాక్టర్ని పిలవాలా, రక్తం ఆపాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నార్‌సెట్‌కి (ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల పరీక్ష), స్టాఫ్ నర్స్ పోస్టుల పరీక్షలకి చదువుతున్నవాళ్లవే. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు కాబట్టి, పరీక్షలో అడిగేవి, వార్డులో తప్పితే మనిషి ప్రాణం మీదకు వచ్చేవి ఏరి తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, మాక్ టెస్టులో ఇలా అడిగారు. రక్తం ఎక్కించడం మొదలైన 10 నిమిషాలకు రోగికి చలి, వణుకు, నడుం నొప్పి వచ్చాయి, నర్సు మొట్టమొదట ఏం చేయాలి? నేను 'డాక్టర్‌కి తెలియజేయాలి' అని పెట్టాను, తప్పన్నారు. మా వార్డులో ఏం జరిగినా ముందు డాక్టర్నే పిలవమంటారు కదా?
(జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా మూడో సంవత్సరం, ఖమ్మం)

జవాబు: తప్పే తల్లీ. ముందు రక్తం ఆపాలి. గ్రూపు కలవని రక్తం వెళ్తుంటే ఎంత ఎక్కువ వెళ్తే అంత ముప్పు. నువ్వు డ్యూటీ రూమ్ దాకా వెళ్లి ఫోన్ చేసి వచ్చేలోపు కూడా చుక్కలు పడుతూనే ఉంటాయి. క్లాంప్ మూయడానికి ఒక్క సెకను చాలు, దానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. మూసేసి, రోగి పక్కనే నిలబడి గట్టిగా పిలువు, అప్పుడు రెండూ అయినట్టే.

దీని తర్వాతి మెట్టు మీద కూడా ప్రశ్న వేస్తారు, అక్కడ చాలామంది పడిపోతారు. కాన్యులా, అంటే రక్తనాళంలో పెట్టిన చిన్న గొట్టం, తీసేయకూడదు, ఆ దారి మనకు మందులివ్వడానికి కావాలి. సెలైన్ పెట్టాలి, కానీ పాత సెట్‌తో కాదు. ఆ గొట్టంలో ఇంకా రక్తం ఉంటుంది, అదే సెట్‌కి సెలైన్ తగిలిస్తే మిగిలిన రక్తాన్ని మనమే లోపలికి తోసినట్టు. కొత్త సెట్, నార్మల్ సెలైన్. ఆ తర్వాత బీపీ, పల్స్, టెంపరేచర్, మూత్రం రంగు చూడటం, బ్యాగ్ మీది నంబరు, రోగి పేరు మళ్లీ సరిపోల్చడం, బ్యాగుని సెట్‌తో సహా బ్లడ్ బ్యాంకుకి పంపడం. సెలైన్ బదులు రింగర్ లాక్టేట్ ఎందుకు వద్దంటే అందులో కాల్షియం ఉంది, రక్తం గడ్డకడుతుంది. డెక్స్‌ట్రోజ్ అయితే ఎర్రకణాలు పగులుతాయి.

ఇలాంటి ప్రమాదాలకు చాలాసార్లు కారణం ల్యాబ్ కాదు, మంచం దగ్గర పేరు సరిగ్గా చూసుకోకపోవడం. అందుకే ఇద్దరు కలిసి చెక్ చేయమంటారు, మొదటి 15 నిమిషాలు రోగిని వదిలి వెళ్లొద్దంటారు. ఎంత పని ఉన్నా ఆ 15 నిమిషాలు మాత్రం ఇవ్వండి.

ప్రశ్న: మాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) ఇచ్చేముందు చూడాల్సిన మూడూ బట్టీ పట్టాను మేడమ్. కానీ 'విషప్రభావానికి మొదటి సూచన ఏది' అంటే శ్వాస తగ్గడం అని పెట్టి మార్కు పోగొట్టుకున్నాను. ఈ మందు లెక్కలు కూడా తికమకగా ఉన్నాయి.
(బీఎస్సీ నర్సింగ్ నాలుగో సంవత్సరం, శ్రీకాకుళం)

జవాబు: బట్టీ పట్టడం వల్లే వచ్చిన ఇబ్బంది ఇది. ఒకసారి కారణం తెలిస్తే జన్మలో మరిచిపోవు.

ఎక్లాంప్సియాలో, అంటే గర్భిణులకు, బాలింతలకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే, మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనే దాంట్లో, ఫిట్స్ ఆపడానికి ఇచ్చే మెగ్నీషియం నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని కూడా తగ్గిస్తుంది. అక్కడ అది కాల్షియానికి అడ్డుపడుతుంది, అందుకే విరుగుడు కాల్షియం గ్లూకోనేట్. లీటరు రక్తంలో 4 నుంచి 7 మిల్లీ ఈక్వివలెంట్ల దాకా మనకు కావలసిన స్థాయి. అది పెరిగి 10 దగ్గరికి వచ్చేసరికి మోకాలి జర్క్ (మోకాలి కింద తట్టితే కాలు ఎగరడం) పోతుంది, దాన్ని కూడా దాటితే శ్వాస కండరాలు పనిచేయవు, ఇంకా పెరిగితే గుండె ఆగుతుంది. అంటే జర్క్ పోవడం మనకు ముందే అందే హెచ్చరిక, అప్పుడు తర్వాతి డోసు ఆపితే శ్వాస దాకా వెళ్లదు. ఇక మూత్రం ఎందుకు చూస్తాం? ఈ మందు బయటికి పోయేది కిడ్నీల నుంచే. మూత్రం తగ్గిందంటే మందు లోపలే పేరుకుంటోందని అర్థం.

కాబట్టి ప్రతి డోసుకి ముందు జర్క్ ఉండాలి, శ్వాస నిమిషానికి 16కి తగ్గకూడదు (కొన్ని పుస్తకాల్లో 12 అని ఉంటుంది, ఆప్షన్లు చూసి పెట్టుకో), గడిచిన 4 గంటల్లో మూత్రం గంటకు 30 మి.లీ.కి తగ్గకూడదు. ఒళ్లంతా వేడిగా, ఆవిరి కొట్టినట్టు ఉందని ఆమె అంటే అది విషప్రభావం కాదు, మామూలు డోసుకే వస్తుంది. ఆప్షన్లలో దాన్ని ఎరగా పెడతారు.

లెక్కకి వద్దాం. మనకు దొరికే ఆంప్యూల్ 2 మి.లీ., 50 శాతం, అంటే ఒక్కోదాంట్లో 1 గ్రాము. ప్రిచర్డ్ పద్ధతిలో లోడింగ్ డోసు 14 గ్రాములు, అంటే 14 ఆంప్యూళ్లు. అందులో 4 ఐవీకి, అంటే రక్తనాళంలోకి: 8 మి.లీ. మందుకి 12 మి.లీ. సెలైన్ కలిపితే 20 మి.లీ., అది 20 శాతం అవుతుంది, కనీసం 5 నిమిషాలు పట్టేలా నెమ్మదిగా ఇస్తారు. మిగిలిన పదీ రెండు పిరుదుల్లోకి చెరి 5 గ్రాములు, లోతుగా. తర్వాత 4 గంటలకోసారి 5 గ్రాములు, ఒకసారి ఈ వైపు, ఇంకోసారి ఆ వైపు. విరుగుడు 1 గ్రాము, అంటే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ., ఐవీలో నెమ్మదిగా. శ్వాస ఆగితే మాత్రం ముందు ఆంబు బ్యాగ్‌తో (చేత్తో నొక్కి గాలి అందించే సంచి) ఊపిరి అందించాలి, ఇంజెక్షన్ ఎక్కేదాకా ఎదురుచూడకూడదు. మాగ్‌సల్ఫ్ నడుస్తున్న మంచం పక్కన ఆ ఆంప్యూల్, సిరంజి రెడీగా ఉన్నాయా అని డ్యూటీ ఎక్కగానే చూసుకో.

ప్రశ్న: ఇన్సులిన్‌లో 40, 100 ఏంటో క్లాసులో తొందరగా దాటేశారు. అది అంత ముఖ్యమా?
(బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం, నెల్లూరు)

జవాబు: చాలా ముఖ్యం. మన దగ్గర మి.లీ.కి 40 యూనిట్ల వయల్స్ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి ఆరెంజ్ మూత సిరంజి. ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే అర మి.లీ. వస్తుంది. అది 100 యూనిట్ల వయల్‌లోంచి తీసినదైతే రోగికి వెళ్లింది 20 కాదు, 50 యూనిట్లు. తిరగేసి చేస్తే, అంటే 40 వయల్, ఆరెంజ్ సిరంజి అయితే, 20 అనుకున్నది 8 యూనిట్లే.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక పెద్దాయన విషయంలో ఇదే జరిగింది. ఇంటివాళ్లు బయట కొనుక్కొచ్చిన వయల్ 100ది, ట్రేలో ఉన్న సిరంజి ఎర్రది, ఎవరూ లేబుల్ చదవలేదు. తెల్లవారుజామున చెమటలతో తడిసి, పిలిస్తే పలక్కుండా ఉన్నాడు. డెక్స్‌ట్రోజ్ పెట్టాక కళ్లు తెరిచాడు కానీ, ఆ రాత్రి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. తెలివిలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర నోటికి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. తెలివి లేనివాడి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పరీక్షలో ఈ రెండింటి మధ్య తేడానే అడుగుతారు.

ప్రశ్న: రోగి తెలివి ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్‌లో అసలు స్పందనే లేకపోతే సున్నా కదా?
(జీఎన్ఎం రెండో సంవత్సరం, నల్గొండ)

జవాబు: కాదు, 3. కళ్లు, మాట, కదలిక, మూడింటికీ కనీసం ఒక్కో మార్కు ఉంటుంది. ఎక్కువలో ఎక్కువ 15. గొంతులో ట్యూబ్ ఉన్నవాళ్లకి మాట కొలవలేం కాబట్టి అక్కడ టి అని రాస్తారు.

ప్రశ్న: డ్రిప్ లెక్క ఫార్ములా హాల్లో కూర్చోగానే మరిచిపోతున్నాను, టెన్షన్ వల్ల.
(పోస్ట్ బేసిక్, కర్నూలు)

జవాబు: ఫార్ములా వదిలెయ్యి, ముందు గంటకు ఎన్ని మి.లీ.యో చూడు. 500 మి.లీ. 8 గంటల్లో అంటే గంటకు 62.5. మైక్రో సెట్‌లో మి.లీ.కి 60 చుక్కలు, గంటకు 60 నిమిషాలు, కాబట్టి ఆ అంకే నిమిషానికి చుక్కలు, దాదాపు 63. మామూలు సెట్‌లో మి.లీ.కి 20 చుక్కలైతే దాన్ని మూడుతో భాగించు, 21. ప్రశ్నలో 15 చుక్కల సెట్ అని ఇస్తే నాలుగుతో భాగించు, 16. అందుకే లెక్క మొదలుపెట్టేముందు సెట్ ఎన్ని చుక్కలదో ఒకసారి గీత గీసుకో.